తూటాలు చెదురుతున్నాయా? బారెల్ మార్చే ముందు మరలు చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బోల్ట్ యాక్షన్ రైఫిల్ గురి గురించే. చాలామటుకు అమెరికాలో ఉంటున్న పాఠకులవి. అక్కడ సొంత రైఫిల్‌కు బెడ్డింగ్ (లోహపు భాగం చెక్కలో కదలకుండా కూర్చునేలా ఎపాక్సీ పోయడం) వంటి పనులు ఇంట్లో చేసుకోవడం మామూలే. భారతదేశంలో అలా కుదరదు. 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం అందుకు లైసెన్సు లేనివారు తుపాకీని మరమ్మతు చేయడం కూడా నేరమే. కాబట్టి ఇక్కడి పాఠకులు ఈ జవాబులను చదివి, లైసెన్సున్న గన్‌స్మిత్‌ను ఏం అడగాలో తెలుసుకోవాలి. ఎక్కడివారైనా సరే, పని మొదలుపెట్టే ముందు చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, బోల్ట్ ఊడదీసి పక్కన పెట్టండి. ఆ గదిలో తూటా ఒక్కటి కూడా ఉండకూడదు.

ప్రశ్న: నాది రెమింగ్టన్ 700, .308 రైఫిల్. కొత్తలో వంద గజాల దగ్గర మూడు తూటాలు ఒక అంగుళంలో పడేవి. ఇప్పుడు రెండున్నర అంగుళాలు చెదురుతున్నాయి. ఇప్పటికి 600 తూటాలు కాల్చి ఉంటాను. బారెల్ అరిగిపోయింది, మార్చేయమని స్నేహితుడు అంటున్నాడు. మార్చమంటారా? – కె.వి., డాలస్

మార్చొద్దు. .308 బారెల్ 600 తూటాలకు అరగదు. ఓపిగ్గా, వేడెక్కనీయకుండా కాలిస్తే నాలుగైదు వేల తూటాల దాకా గురి నిలుపుకుంటుంది. ఇప్పుడే బారెల్ మార్చడమంటే ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

ముందు మీ కొలతనే సరిచూసుకోండి. మూడు తూటాల గ్రూపు, అంటే కాగితం మీద పడ్డ రంధ్రాల గుంపు, మనల్ని మోసం చేస్తుంది. ఏ మార్పూ చేయని రైఫిల్ కూడా ఒకసారి ముప్పాతిక అంగుళం, ఇంకోసారి రెండంగుళాలు చూపించగలదు. ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) తూటాలతో, బారెల్ చల్లారనిస్తూ, అయిదేసి చొప్పున నాలుగు గ్రూపులు కాల్చి సగటు తీయండి. ఇకమీదట ప్రతి మార్పునూ ఆ సగటుతోనే పోల్చాలి. వంద గజాల దగ్గర ఒక మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అంటే 1.047 అంగుళాలు, వంద మీటర్ల దగ్గర 29 మిల్లీమీటర్లు.

తరవాత స్కోప్. బాగున్న రైఫిల్ ఉన్నట్టుండి చెదరడం మొదలుపెడితే మొదట అనుమానించాల్సింది స్కోప్ కింది మరలనే. స్కోప్ తీసి, రింగులు తీసి, వాటిని రైఫిల్‌కు పట్టి ఉంచే బేస్ కూడా విప్పండి. మరలకూ వాటి రంధ్రాలకూ ఉన్న నూనెను అసిటోన్‌తో తుడిచెయ్యండి. బేస్ మరలకు నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక్కో చిన్న చుక్క వేసి, టార్క్ రెంచితో 20 అంగుళ-పౌండ్లకు బిగించండి. రింగు మూతల మరలకు 15 నుంచి 18 చాలు. వాటికి లాకర్ వేయకండి. తడి మర అదే టార్క్ దగ్గర ఇంకా గట్టిగా నొక్కుతుంది, స్కోప్ గొట్టం సొట్టపోతుంది. ముందువైపు బేస్ మర పొడవెక్కువైతే దాని కొన బారెల్ మరచుట్లకు తగిలి ఆగిపోతుంది. చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, బేస్ మాత్రం వదులుగానే ఉండిపోతుంది.

ఆ తరవాత యాక్షన్ మరలు. యాక్షన్ (రిసీవర్, బోల్ట్ కలిసిన లోహపు భాగం)ను స్టాక్ (చేత పట్టుకుని భుజానికి ఆనించే భాగం)కు బిగించేవి ఇవే. పిల్లర్లు (మర చుట్టూ వేసే లోహపు గొట్టాలు) లేని చెక్క స్టాక్ అయితే 40 అంగుళ-పౌండ్లు, అల్యూమినియం పిల్లర్లో ఛాసిస్సో ఉంటే 65. బిగించేటప్పుడు మ్యాగజీన్ పెట్టెను వేలితో కదిపి చూడండి. అది పైకీ కిందికీ కాస్త ఆడాలి. రిసీవర్‌కూ కింది లోహానికీ మధ్య పెట్టె ఇరుక్కుపోతే మీరు బిగించేది యాక్షన్‌ను కాదు, ఆ రేకు పెట్టెను. ఈ తప్పును ఏళ్ల తరబడి గమనించనివారు ఎందరో. పెట్టె అంచును ఆకురాయితో కొద్దిగా తగ్గిస్తే సరిపోతుంది.

ఇంతవరకూ తేడా కనిపించకపోతే బారెల్‌లోని రాగి మకిలిని కాపర్ సాల్వెంట్‌తో కడగండి. ప్యాచ్ మీద నీలం రంగు రావడం ఆగేదాకా వదలకండి. అప్పుడు కూడా మారకపోతే, మంచిదని రూఢిగా తెలిసిన ఇంకో స్కోప్‌ను అరువు తెచ్చి బిగించి చూడండి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ప్రశ్న: వాల్‌నట్ చెక్క స్టాక్‌కు నేనే ఎపాక్సీ బెడ్డింగ్ చేయాలనుకుంటున్నాను. క్రమం చెప్పండి. రైఫిల్ స్టాక్‌కు అతుక్కుపోతుందేమోనని భయంగా ఉంది. – ఎస్., కొలంబస్, ఒహాయో

ఆ భయం ఉండటమే మంచిది. బెడ్డింగ్‌లో చెడిపోయే పనుల్లో సగం అతుక్కుపోవడం వల్లే చెడిపోతాయి.

ముందు బెడ్డింగ్ అవసరమా అన్నది తేల్చుకోండి. అయస్కాంతపు పీఠమున్న డయల్ ఇండికేటర్‌ను బారెల్‌కు బిగించి, దాని మొనను స్టాక్ ముందు కొనకు ఆనించండి. ముందు యాక్షన్ మరను మెల్లగా వదులు చేయండి. ముల్లు అంగుళంలో రెండు వెయ్యోవంతుల లోపే కదిలితే స్టాక్‌లో యాక్షన్ నిమ్మళంగా కూర్చున్నట్టే. పదో ఇరవయ్యో కదిలితే మర బిగించినప్పుడల్లా యాక్షన్ వంగుతోందని అర్థం. వాన రోజుల్లో చెక్క ఉబ్బి, ఎండల్లో కుంచించుకుపోతుంటే ఆ వంపు కూడా మారుతూ ఉంటుంది. ఉదయం కొట్టినచోట సాయంత్రం కొట్టకపోవడానికి కారణం ఇదే.

చెక్కలో చెక్కవలసింది రీకాయిల్ లగ్ (వెనక్కి తన్నే దెబ్బను స్టాక్‌కు అందించే లోహపు ముక్క) చుట్టూ, రిసీవర్ ముందు భాగం కింద. అక్కడ ఎనిమిదో వంతు అంగుళం లోతు తీస్తే ఎపాక్సీకి తగినంత మందం వస్తుంది. వెనక ట్యాంగ్ (రిసీవర్ తోక) కింద మొదట కొంత చెక్కను అలాగే ఉంచండి. ఎత్తుకు అదే మీ గుర్తు. అదీ చెక్కేస్తే యాక్షన్ ఎంత కిందికి దిగాలో చెప్పేదేదీ ఉండదు. పిల్లర్లు వేస్తుంటే మర చుట్టూ ఖాళీ ఉండాలి. మర పక్కలు పిల్లర్ గోడకు తగిలితే రైఫిల్ వెనక్కి తన్నిన ప్రతిసారీ ఆ దెబ్బ లగ్ మీద కాకుండా మర మీద పడుతుంది.

ఇక లగ్. దాని వెనక ముఖం ఒక్కటే ఎపాక్సీకి గట్టిగా ఆనాలి. ముందు ముఖం, రెండు పక్కలు, అడుగు, ఈ నాలుగింటికీ ఎలక్ట్రికల్ టేపు ఒక పొర అంటించండి. ఆ పొర మందం సుమారు ఏడు వెయ్యోవంతులు. తరవాత టేపు తీసేస్తే అంత ఖాళీ మిగులుతుంది. టేపు వేయకపోతే లగ్ అడుగు ముందే గుంట అడుగుకు తగిలి రిసీవర్ గాలిలో తేలుతుంది, పైగా విప్పేటప్పుడు ఎపాక్సీ అంచులు రాలిపోతాయి.

ట్రిగ్గర్ తీసేయండి. ట్రిగ్గర్ రంధ్రాన్నీ, బోల్ట్ ఆపే ముక్క ఉన్న సందునూ, పిన్ను రంధ్రాలన్నిటినీ పిల్లలు ఆడుకునే బంకమట్టితో పూడ్చి బ్లేడుతో సమంగా గీయండి. ఎపాక్సీ ఏ చిన్న సందులోకి దూరి గట్టిపడినా అది మేకులా యాక్షన్‌ను పట్టేస్తుంది. ఆ తరవాత విడుదల పూత. రంగులేని బూట్ పాలిష్ మైనం బాగా పనిచేస్తుంది. లోహం మీద అంతటా, మర చుట్ల లోపల, బారెల్ మొదటి మూడంగుళాల మీద రెండు పూతలు పూసి, ఆరాక మెరుగుపెట్టండి. స్టాక్ బయటివైపు మాస్కింగ్ టేపు అంటించండి. బారెల్ స్టాక్ ముందు కొనలో నడిమధ్య నిలిచేలా అక్కడ కొన్ని చుట్లు టేపు చుట్టి మందం సరిచేయండి.

ఎపాక్సీ ఏదైనా డబ్బా మీద చెప్పిన పాళ్లే వాడాలి. ఆక్రాగ్లాస్ జెల్ సమపాళ్లలో కలుస్తుంది. ఉక్కు పొడి కలిసిన రకాల్లో గట్టిపరిచే ద్రవం పాలు బాగా తక్కువ, అక్కడ కంటి కొలత పనికిరాదు, చిన్న త్రాసు తెచ్చుకోండి. త్వరగా గట్టిపడుతుందని ఆ ద్రవం ఎక్కువ కలిపితే పెళుసుబారుతుంది. బుడగలు రాకుండా నెమ్మదిగా కలపండి. మూలల్లోకి పుల్లతో నొక్కి నింపాకే మిగతాది వేయండి. మీద పోసి వదిలేస్తే మూలల్లో గాలి మిగిలి, లగ్ వెనక గుంటలు పడతాయి.

యాక్షన్‌ను తిన్నగా కిందికి దింపండి. తలలేని గైడు మరలు దారి చూపిస్తాయి. యాక్షన్ మరలను బిగించకండి. బిగించి గట్టిపడనిస్తే ఆ వంపునే ఎపాక్సీ గుర్తుపెట్టుకుంటుంది, చేసిన పనంతా వృథా. రబ్బరు గొట్టం రెండు చుట్లు చుడితే ఆ ఒత్తిడి చాలు. పక్కలకు పొంగి వచ్చినదాన్ని జిగురుగా ఉండగానే తుడవండి. ఇరవై నాలుగు గంటలు ముట్టుకోవద్దు.

విప్పేటప్పుడు రైఫిల్‌ను పక్కలకు ఊపకండి, తిన్నగా పైకి లాగండి. రాకపోతే ఉలితో పొడవకండి. మొత్తం రైఫిల్‌ను ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి. లోహం కుంచించుకుపోతుంది, పొద్దున చెక్క సుత్తితో బారెల్ అడుగున ఒకటి రెండు తేలిక దెబ్బలు వేస్తే ఊడివస్తుంది. తరవాత మ్యాగజీన్ సందులోకి వచ్చిన ఎపాక్సీని గీకేయండి, ఆ పెట్టె మళ్లీ ఆడుతోందా చూడండి. బోల్ట్ పిడి స్టాక్ గాటుకు ఎక్కడా తగలకూడదు. ముందు మర పొడవెక్కువై పైకి వచ్చి బోల్ట్‌ను రాస్తోందేమో కూడా చూడండి, పిల్లర్లు వేశాక ఇది మామూలుగా జరుగుతుంది. చివరగా డయల్ ఇండికేటర్ పరీక్ష మళ్లీ చేయండి.

ప్రశ్న: అందరూ చెప్పారని బారెల్‌ను స్టాక్‌కు తగలకుండా ఫ్రీ ఫ్లోట్ చేశాను. ముందుకన్నా గురి చెడింది! – ఆర్., హ్యూస్టన్

మీ బారెల్ సన్నని వేట బారెల్ అని ఉత్తరంలో రాశారు. కారణం అక్కడే ఉంది. ఇలాంటి చాలా రైఫిళ్లకు ఫ్యాక్టరీలోనే స్టాక్ ముందు కొనలో ఒక చిన్న గడ్డ వదులుతారు. అది బారెల్‌ను పైకి అయిదు నుంచి ఎనిమిది పౌండ్ల బలంతో నెడుతుంది. తూటా పేలినప్పుడు సన్నని బారెల్ కొరడాలా ఊగుతుంది, ఆ ఒత్తిడి ఊపును అణుస్తుంది. మీరు గడ్డను గీకేశారు, అణచేది పోయింది.

పోయినదాన్ని మళ్లీ తేవడం తేలికే. పాత ప్లాస్టిక్ కార్డును అర అంగుళం వెడల్పు పట్టీలుగా కత్తిరించి, స్టాక్ కొనకు అంగుళం వెనక, బారెల్ కింద ఒక్కో పట్టీ పెంచుతూ కాల్చి చూడండి. ఎక్కడ గ్రూపు చిన్నదైతే ఆ మందానికి అక్కడ ఎపాక్సీ గడ్డ కట్టండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: చెక్క స్టాక్ మీద ఈ గడ్డ ఒత్తిడి తేమను బట్టి మారుతుంది, ఏడాదికి రెండుసార్లు స్కోప్ సున్నా సరిచూసుకోక తప్పదు. అందుకే లావు బారెల్ అయితే ఫ్లోటింగే మేలు. సన్నదైతే రెండూ పరీక్షించాకే నిర్ణయించాలి.

ఇంకొకటి. గీకాక బయటపడిన పచ్చి చెక్కకు వార్నిషో టంగ్ ఆయిలో పూశారా? పూయకపోతే ఆ కాలువే తేమ పీల్చి, వంగి, మళ్లీ బారెల్‌ను తాకుతుంది. ఖాళీ ఎంతుండాలంటే నోటు కాగితం దూరితే చాలని చెప్తుంటారు. అది బల్ల మీద ఉన్న రైఫిల్‌కు సరిపోతుంది. సంచి మీద ఆనించి కాల్చేటప్పుడు స్టాక్ కొన పైకి వంగుతుంది కాబట్టి ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు వదలండి.

ప్రశ్న: తాతగారి కాలపు మౌజర్ 98 ఒకటి కొన్నాను. బారెల్ లోపలి మెలిక గాట్లు బాగానే కనిపిస్తున్నాయి, గురి మాత్రం లేదు. క్రౌన్ (మూతి అంచు) చెడింది అంటున్నారు. ఇంట్లో సరిచేయొచ్చా? – పి.ఎన్., న్యూజెర్సీ

పాత సైనిక రైఫిళ్లను మూతి వైపు నుంచి ఉక్కు కడ్డీతో శుభ్రం చేసేవారు. ఆ కడ్డీ ఏళ్ల తరబడి ఒకే వైపు రాసుకుంటూ రావడంతో మూతి అంచు దగ్గర గాట్లు అరిగిపోతాయి. బుల్లెట్ బారెల్‌ను వదిలే చివరి క్షణంలో దాని వెనకనున్న వాయువు చుట్టూ ఒకేసారి బయటపడాలి. అంచులో ఒకవైపు చిన్న నొక్కో అరుగుడో ఉంటే అటు ముందు చిమ్ముతుంది, బుల్లెట్ తోకను పక్కకు తోస్తుంది. లోపల బారెల్ అద్దంలా ఉన్నా ఫలితం ఉండదు.

దూదిపుల్లను మూతి లోపలి నుంచి బయటికి, చుట్టూ నాలుగు వైపులా లాగి చూడండి. ఎక్కడ పోగులు చిక్కుకుంటే అక్కడ నొక్కు ఉంది. నొక్కు చిన్నదైతే ఇంటి వైద్యం సరిపోతుంది. గుండ్రటి తల ఉన్న ఇత్తడి మరను చేతి డ్రిల్లుకు పెట్టి, 600 గ్రిట్ వాల్వ్ లాపింగ్ పేస్టు రాసి, తలను మూతికి ఆనించి తక్కువ వేగంతో తిప్పండి. తిప్పుతూ డ్రిల్లు పిడిని ఎనిమిది ఆకారంలో కదపాలి, లేకపోతే ఒకవైపే అరుగుతుంది. ముందుగా బారెల్‌లో ఒక అంగుళం లోపల గ్రీజు రాసిన గుడ్డ కూరండి, రాపిడి పొడి లోపలికి దిగకూడదు. చుట్టూ సన్నని, సమానమైన మెరిసే వలయం కనిపించాక ఆపండి.

మీరు రాసినదాన్ని బట్టి గాట్లు మూతి దగ్గర ఒక అర అంగుళం మేర అరిగినట్టున్నాయి. దానికి ఇత్తడి మర చాలదు. లేత్ ఉన్న గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లండి. అతను బయటి కొలతను కాదు, లోపలి రంధ్రాన్ని ఇండికేటర్‌తో సరిచూసి కేంద్రంలో పెట్టాలి, ఎందుకంటే రంధ్రం చాలా బారెళ్లలో నడిమధ్య ఉండదు. 11 డిగ్రీల క్రౌన్ అడగండి. పొడవు తగ్గించడం ఇష్టం లేకపోతే అరిగిన మేర రంధ్రాన్ని వెడల్పు చేసి, లోపల కొత్త అంచు తీసే కౌంటర్‌బోర్ పని ఉంది. బయటికి రైఫిల్ అలాగే కనిపిస్తుంది. నంబర్లన్నీ కలిసిన అసలు సైనిక రైఫిల్ అయితే కోయకండి, చరిత్ర పోతుంది, ధర కూడా పోతుంది. కోసే పక్షంలో అమెరికా ఫెడరల్ చట్టం రైఫిల్ బారెల్‌కు 16 అంగుళాల కనీస పొడవు పెట్టిందని మరవకండి. అది మూసిన బోల్ట్ ముఖం నుంచి కొలిచే పొడవు.

ప్రశ్న: ట్రిగ్గర్ ఆరు పౌండ్లు లాగితేగాని పడదు. సియర్‌ను (ఫైరింగ్ పిన్నును పట్టి ఉంచే ముక్కను) నూనె రాయితో సానబెడితే తేలికవుతుందని వీడియోల్లో చూపిస్తున్నారు. – పేరు వద్దు, అట్లాంటా

సానబెట్టకండి. చాలా ట్రిగ్గర్లలో సియర్ పైపొర మాత్రమే గట్టిపరిచిన ఉక్కు, లోపలిది మెత్తన. రాయి ఆ పొరను దాటితే మొదటి వారం వెన్నలా పడుతుంది, తరవాత అంచు అరిగి ఏదో ఒకరోజు ముట్టుకోకుండానే పేలుతుంది. కోణం ఒక్క డిగ్రీ తప్పినా అంతే. రెమింగ్టన్ సంస్థ 2014లో ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లున్న రైఫిళ్లను వెనక్కి పిలిచింది. తయారీలో ట్రిగ్గర్‌లో జిగురు ఎక్కువ పడటమే అందుకు కారణం. జిగురు చుక్కతోనే అంత ప్రమాదమైతే రాయి సంగతి వేరే చెప్పాలా? మీది 2006 మే నుంచి 2014 ఏప్రిల్ మధ్య తయారైన మోడల్ 700 లేదా మోడల్ సెవెన్ అయితే ముందు సీరియల్ నంబరు సరిచూసుకోండి.

టిమ్నీ, ట్రిగ్గర్‌టెక్ వంటివారి తయారు ట్రిగ్గర్ రెండు పిన్నులతో మారిపోతుంది. వేటకు మూడు పౌండ్లకన్నా తగ్గించకండి, చలికి మొద్దుబారిన వేలికి అంతకన్నా తక్కువ తెలియదు. బిగించాక ఖాళీ రైఫిల్‌తో మూడు పరీక్షలు చేయాలి. బోల్ట్‌ను పదిసార్లు బలంగా మూయండి, ఫైరింగ్ పిన్ను పడకూడదు. సేఫ్టీ పెట్టి ట్రిగ్గర్ గట్టిగా లాగి వదిలి, సేఫ్టీ తీయండి, అప్పుడూ పడకూడదు. కాక్ చేసి, సేఫ్టీ తీసి, స్టాక్ మడమను రబ్బరు చాప మీద అడుగు ఎత్తు నుంచి తట్టండి, అప్పుడూ పడకూడదు. ఒక్కసారి పడినా ఆ సర్దుబాటు వద్దు.

ప్రశ్న: బోల్ట్ లగ్గులను (బోల్ట్‌ను రిసీవర్‌లో పట్టి ఉంచే కొమ్ములను) లాపింగ్ చేస్తే, అంటే పేస్టుతో రుద్ది సరిచేస్తే, యాక్షన్ ట్రూయింగ్ చేయిస్తే గ్రూపు ఎంత తగ్గుతుంది? వందల డాలర్లు అడుగుతున్నారు. – వి.ఎస్., చికాగో

పాత బారెల్‌నే ఉంచుకుంటే ఈ డబ్బు ఖర్చు పెట్టకండి. ట్రూయింగ్ అంటే రిసీవర్ ముఖం, మరచుట్లు, లగ్గులు కూర్చునే గూళ్లు, ఇవన్నీ బోల్ట్ నడిచే దారికి లంబంగా, ఒకే కేంద్రంలో ఉండేలా లేత్ మీద కోయడం. మంచి పనే. కాని దాని ఫలితం కనిపించేది కొత్త బారెల్‌ను ఆ కోసిన చుట్లకు సరిగ్గా కట్టినప్పుడే. అందుకే బారెల్ మార్చే రోజుకే ఈ పని వాయిదా వేయండి. అప్పుడు రెమింగ్టన్ 700కు బారెల్‌కూ రిసీవర్‌కూ మధ్య ఇరుక్కునే పల్చని రీకాయిల్ లగ్‌ను తీసి, రెండు ముఖాలూ సమాంతరంగా గ్రైండ్ చేసిన పావు అంగుళం మందం లగ్ వేయించండి.

లాపింగ్ వేరు. బోల్ట్ లగ్గుల వెనక ముఖాలకు నీలం లేఔట్ రంగు పూసి, బోల్ట్‌ను వెనక్కి లాగిపడుతూ పాతికసార్లు తెరిచి మూయండి. రంగు రెండు లగ్గుల మీదా సగానికి పైగా చెరిగితే లాపింగ్ అక్కరలేదు. ఒక లగ్ మీదే చెరిగితే మొత్తం వెనక్కి తన్నే బలాన్ని ఆ ఒక్కటే మోస్తోంది, బోల్ట్ పక్కకు వంగుతుంది. అప్పుడు సన్నని పేస్టుతో రంగు రెండింటి మీదా చెరిగేదాకా లాప్ చేస్తారు. ఇందులో ఒక గండం ఉంది. లగ్ ముఖం నుంచి తీసిన ప్రతి వెయ్యోవంతూ హెడ్‌స్పేస్‌కు (బోల్ట్ ముఖానికీ, చాంబర్‌లో తూటా ఆగే చోటుకూ మధ్య దూరానికి) కలుస్తుంది. .308కు గో గేజి 1.630 అంగుళాలు, నో-గో గేజి 1.634. మధ్యనున్నది నాలుగు వెయ్యోవంతులే. ఎక్‌స్ట్రాక్టర్, ఎజెక్టర్ తీసేసిన బోల్ట్‌ను వేలితో మూసినప్పుడు గో మీద మూసుకోవాలి, నో-గో మీద ఆగాలి. నో-గో మీద కూడా మూసుకుపోతే ఆ రైఫిల్‌తో కాల్చకండి. తూటా ఇత్తడి డొల్ల సాగి అడుగు దగ్గర తెగుతుంది, వేడి వాయువు ముఖం మీదికి వస్తుంది. గేజిలు లేకుండా లాపింగ్ పేస్టు ముట్టుకోవడం తగదు.

సావేజ్ 110 ఉన్నవారికి ఒక వెసులుబాటు ఉంది. దాని బారెల్‌ను నట్టు పట్టి ఉంచుతుంది. గో గేజి మీద బారెల్‌ను తిప్పి ఆనించి నట్టు బిగిస్తే హెడ్‌స్పేస్ కుదురుతుంది, లేత్ అవసరం రాదు.

ప్రశ్న: .223 రైఫిల్‌లో 77 గ్రెయిన్ బుల్లెట్లు కాగితం మీద అడ్డంగా, తాళం చెవి రంధ్రంలా పడుతున్నాయి. 55 గ్రెయినువి చక్కగా పడుతున్నాయి. – డి., శాన్ హోసే

మీ బారెల్ గాట్ల మెలిక 12 అంగుళాలకు ఒక చుట్టు అయి ఉంటుంది. పొడవైన బుల్లెట్ నిలబడాలంటే ఇంకా వేగంగా తిరగాలి. 77 గ్రెయిన్లకు 8 అంగుళాలకు ఒక చుట్టు కావాలి. ఇందులో గన్‌స్మిత్ చేయగలిగేది బారెల్ మార్చడం ఒక్కటే. లేదా 55తోనే ఉండండి. ముఖ్యం బరువు కాదు, పొడవు. పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్లు అదే బరువుకు పొడవెక్కువ, వాటిని కొనేటప్పుడు జాగ్రత్త. మెలిక తెలియకపోతే శుభ్రం చేసే కడ్డీకి బిగువైన ప్యాచ్ పెట్టి తోస్తూ, కడ్డీ మీద గీసిన గుర్తు ఒక చుట్టు తిరిగేసరికి ఎన్ని అంగుళాలు నడిచిందో కొలవండి.

ప్రశ్న: లైసెన్సున్న .315 ఇషాపూర్ రైఫిల్ ఉంది. వానాకాలంలో గురి మారడమే కాదు, ట్రిగ్గర్ బరువు కూడా మారినట్టు అనిపిస్తోంది. భ్రమా? – ఒక రైతు, కర్నూలు జిల్లా

భ్రమ కాదండీ, మీ వేలు సరిగ్గానే పట్టింది. ఈ రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ వంశానిది. ఇందులో ట్రిగ్గర్ రిసీవర్‌కు కాదు, కింది ట్రిగ్గర్ గార్డుకు పిన్నుతో కట్టి ఉంటుంది. గార్డుకూ రిసీవర్‌కూ మధ్యనున్నది చెక్క. చెక్క ఉబ్బినా కుంగినా ట్రిగ్గర్‌కూ సియర్‌కూ మధ్య దూరం మారుతుంది, అందుకే బరువు మారుతుంది. ఆ దూరాన్ని నిలపడానికే ముందు మర చుట్టూ ఒక చిన్న లోహపు గొట్టం ముక్క ఉండాలి. విప్పి బిగించేవారి చేతుల్లో ఆ ముక్క పోతుంటుంది. అది లేకుండా బిగిస్తే మర చెక్కను నలిపేస్తుంది. మీ రైఫిల్‌లో అది ఉందో లేదో గన్‌స్మిత్‌ను మొదట అడగండి.

రెండోది, రిసీవర్ కింద వెనక్కి తన్నే బలాన్ని మోసే రెండు భుజాలు. అవి స్టాక్‌లోని రెండు చెక్క ముఖాలకు సమానంగా ఆనాలి. నూనె నాని మెత్తబడిన చెక్క అక్కడ నలిగి, ఒకవైపు ఖాళీ పడుతుంది. అప్పుడు తూటాలు నిలువుగా చెదురుతాయి. నలిగిన చెక్క తీసేసి, గట్టి చెక్క ముక్కలను ఎపాక్సీతో అతికించి, రంగు పూసి రెండు వైపులా సమానంగా అంటేదాకా సరిచేయాలి. స్టాక్ వెనక చివర, మడమ చెక్కను పట్టే లోహపు గూడుకు మాత్రం సన్నని ఖాళీ వదలాలి. అక్కడ తగిలితే స్టాక్ చీలుతుంది. పనంతా లైసెన్సున్న దుకాణంలోనే, రసీదు తీసుకొని చేయించండి. బారెల్ పొట్టి చేయిస్తే బాగుంటుందని ఎవరైనా చెప్తే వినకండి, అందుకు లైసెన్సు లేకుండా అలా చేయడాన్ని ఆయుధాల చట్టం ఆరో సెక్షన్ విడిగా నిషేధించింది.

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో .22 రైఫిల్‌తో 50 మీటర్ల పోటీలకు సాధన చేస్తోంది. పదిలో ఎనిమిది తూటాలు పదులే, రెండు మాత్రం కిందికి పడుతున్నాయి. రైఫిల్ లోపమా, అమ్మాయి లోపమా? – తండ్రి

రైఫిల్‌ను బల్ల మీద సంచులపైనో, వైసులోనో పెట్టి అవే తూటాలు నలభై కాల్పించండి. అక్కడా కిందికి పడితే అమ్మాయి తప్పు లేదు. తనకు ఆ మాట ముందే చెప్పండి, తప్పు తనదేమోనన్న బెంగతో పిల్లలు బాగున్న భంగిమను కూడా మార్చేసుకుంటారు.

50 మీటర్ల దగ్గర పది వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. .22 తూటా వేగం సెకనుకు 330 మీటర్లనుకుంటే, పది మీటర్ల వేగం తగ్గినందుకే గుండు సుమారు ఏడు మిల్లీమీటర్లు కిందికి వస్తుంది. కాబట్టి నిలువుగా చెదిరితే వేగంలో తేడాను వెతకాలి. వేగం మారేది రెండు కారణాల వల్ల. ఒకటి తూటా లాట్. ఒకే పేరు, ఒకే ధర ఉన్న పెట్టెల్లో కూడా లాట్ మారితే ఫలితం మారుతుంది. అయిదు లాట్లు తెచ్చి ఒక్కోదాన్ని పదేసి చొప్పున నాలుగు గ్రూపులు కాల్చి, బాగున్నదాన్ని ఏడాదికి సరిపడా కొనుక్కోండి. రెండోది ఫైరింగ్ పిన్ స్ప్రింగు. అది అలసిపోతే అంచు మీద దెబ్బ బలహీనపడి, మందు ఒక్కోసారి ఒక్కోలా అంటుకుంటుంది. ఖాళీ డొల్లల అంచు మీద పిన్ను గుర్తు లోతు పోల్చి చూడండి, కొన్ని లోతుగా కొన్ని పైపైన ఉంటే స్ప్రింగు మార్పించండి. ఖరీదు తక్కువ, ఫలితం ఎక్కువ.

తరవాత చాంబర్ ముందు పేరుకునే మసి వలయం. మెత్తని ప్యాచ్‌తో అది పోదు. సాల్వెంట్ పట్టించి కాసేపు నాననిచ్చి, కంచు బ్రష్‌తో చాంబర్ వైపు నుంచి తోయాలి. చాంబర్ అంచు మీద పిన్ను కొట్టిన నొక్కు ఉందేమో కూడా చూపించండి. డమ్మీ తూటా లేకుండా ఖాళీగా కాల్చి సాధన చేసిన రైఫిళ్లలో ఇది కనిపిస్తుంది. ఆ నొక్కు తూటాను పూర్తిగా లోపలికి దిగనివ్వదు. దాన్ని ఆకురాయితో గీకకూడదు, చాంబర్‌లోకి నెట్టి నునుపు చేసే పరికరం గన్‌స్మిత్‌ల దగ్గర ఉంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు యాక్షన్ మరల టార్క్. రైఫిల్‌తో వచ్చిన పుస్తకంలోని అంకె దగ్గర మొదలుపెట్టి, ముందు మరను అర న్యూటన్-మీటర్ చొప్పున మారుస్తూ, ప్రతి అడుగు దగ్గర రెండు గ్రూపులు కాల్పించి రాసుకోండి. ముందు మర సంగతి తేలేదాకా వెనక మరను కదపొద్దు.